పన్నెండు నుంచి మూడు దాకా మా పార్కు

ఇట్లా దగ్గరకు జరగండి. చాప చాలకపోతే గడప మీద కూర్చున్నా సరే, నా మాట అందితే చాలు. నేను చదివింది రెండో తరగతి, అదీ పూర్తి చేయలేదు. అక్షరం పెట్టడం సరిగా రాదు గానీ, జరిగినదాంట్లో ఒక్క ముక్క కూడా మరిచిపోలేదు. ఈ సంగతి ఒక్కటైనా మరిచిపోయి ఉంటే బాగుండేది.

మేము గొర్రెలవాళ్లం. నేను పుట్టింది రొద్దం పక్క పల్లెలో, మెట్టింది పెనుకొండ దగ్గర పల్లెలో. రెండిళ్లలోనూ జీవాలే. వరుసగా రెండేళ్లు వాన లేకపోయే. ఉన్న బీళ్లకు కంచెలు పడె. మేపడానికి చోటు లేక మంద మొత్తం అమ్ముకున్నాం. మంద ఉన్నన్నాళ్లూ ఇంట్లో ఎవరు ఎక్కడ తిరిగినా పొద్దుగూకేసరికి దొడ్డి దగ్గరికి రావాల్సిందే. మంద పోయాక ఎవరి దోవ వారిదైంది. కొడుకు పెనుకొండ పక్కన ఫ్యాక్టరీలో వెల్డింగ్ పనికి కుదిరి, పెళ్లాం బిడ్డలతో అక్కడే బాడుగ ఇంట్లో దిగాడు. కూతురి అత్తగారివాళ్లు పల్లె వదిలి ధర్మవరం చేరి మగ్గం నేర్చుకున్నారు. అది అక్కడ పట్టుదారం కండెలకు చుడుతూ కూర్చుంది. మేమిద్దరం హిందూపురం వచ్చాం.

ఊరి చివర కొత్త కాలనీలో ఒక పార్కు. మా ఆయనకు అందులో వాచ్‌మన్ పని దొరికింది. నడవడానికి చుట్టూ రాళ్లు పరిచిన బాట, నడుమ అరెకరం పచ్చిక, రెండు ఉయ్యాలలు, ఒక జారుడుబల్ల, సిమెంటుతో చేసిన జింక ఒకటి. గేటు పక్కన మాకు గది ఇచ్చారు. గది అన్నమాటేగానీ మేమిద్దరం కాళ్లు చాపుకుంటే మూడో మనిషి బయట కూర్చోవాలి. పండక్కి బిడ్డలొస్తే వంతులవారీగా లోపలికి పోయి అన్నం తినేవాళ్లు.

అది చూసి కాలనీ సంఘం సెక్రెటరీ ఒక మాట చెప్పాడు. ఆయన బ్యాంకులో పని చేసి రిటైరైన మనిషి, చెడ్డవాడు కాదు. పొద్దున, సాయంత్రం కాలనీవాళ్లు వస్తారు. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా పార్కు మూసి ఉంటుంది. ఆదివారం ఆ వేళలో మీ పిల్లలొస్తే లోపల కూర్చోండి, మిగతా వేళల్లో వద్దు, నలుగురూ నన్నడుగుతారు అన్నాడు. రాతకోతలేమీ లేవు, మాట మీదే.

ఆ మాటతో మాకు మళ్లీ ఇల్లు దొరికింది. ఆదివారం కూతురు ధర్మవరంలో రైలెక్కి బిడ్డను చంకనేసుకుని వచ్చేది. కొడుకు బండి మీద ముందొక పిల్ల, వెనక పెళ్లాం, నడుమ ఇంకో పిల్లతో వచ్చేవాడు. పన్నెండు కాగానే మా ఆయన గేటుకు లోపలినుంచి గొళ్లెం పెట్టేవాడు. కానుగ చెట్టు కింద మా పాత కంబళి పరిచేవాళ్లం. రాగి సంగటి, నంజుకోను వేరుశనగ ఊరిబిండి, ఎప్పుడైనా తీపికి ఓలిగలు. ఎండ నెత్తి మీదే ఉండేది. ఇనుప జారుడుబల్ల కాలిపోతుంటే పిల్లల తొడలు చుర్రుమనేవి. నేను బిందెతో నీళ్లు తెచ్చి పైనుంచి పోసేదాన్ని, ఆ తడి ఆరేలోపల ముగ్గురూ గబగబా నాలుగుసార్లు జారేవాళ్లు. మళ్లీ "అవ్వా, నీళ్లు" అని అరిచేవాళ్లు. ఒక్క పూటకు పది బిందెలు మోసిన రోజులున్నాయి. ఊర్లో అందరూ చల్లపొద్దున పార్కుకు పోతారు, మేము ఎండపొద్దున పోయేవాళ్లం, అంతే తేడా అనుకున్నాను.

కొడుకు వెల్లకిలా పడుకుని, "మా నాయనకు హిందూపురంలో అరెకరా పార్కు ఉండాదని ఫ్యాక్టరీలో అందరికీ చెప్పినా" అనేవాడు. "అరెకరా కాదురా, గేటు ఒక్కటే నాది" అనేవాడు మా ఆయన. అని నవ్వేవాడు. మంద అమ్మిన రోజునుంచి ఆయన నవ్వడం నేను చూసింది ఆ కానుగ చెట్టు కిందే.

ఇట్లా రెండేళ్లు గడిచాయి. రెండో ఏడు వానలు బాగా పడ్డాయి. పార్కులో గడ్డి మోకాలి ఎత్తు లేచింది. కార్తీకంలో ఒక ఆదివారం కాలనీవాళ్లందరూ ఆ పచ్చిక మీద వనభోజనాలు పెట్టుకోవాలనుకున్నారు. సరిగ్గా ఆ వానల్లోనే గడ్డి కోసే మిషన్ చెడిపోయింది. దాని సామాను బెంగళూరు నుంచి రావాలన్నారు, రాలేదు. సెక్రెటరీ వచ్చి, ఆదివారం లోపల గడ్డి దిగాలి, ఎట్లా కోస్తావో నీ ఇష్టం అని మా ఆయనకు చెప్పి పోయాడు.

ఆయన కొడవలి పట్టుకుని కూర్చున్నాడు. రెండు రోజులకు ఒక మూల కూడా కాలేదు, నడుము పట్టేసింది. గురువారం రాత్రి నేను వేడి ఇసుక మూట కట్టి కాపడం పెడుతున్నాను. అప్పుడు పుట్టింది నాకు ఆ బుద్ధి.

నా తమ్ముడికి ఇంకా మంద ఉంది. అరవై జీవాలు. ఆ నెలలో రొద్దం పక్కనుంచి తోలుకొచ్చి హిందూపురం దగ్గర చేలల్లో నిలుపుతున్నాడు. ఈ పద్ధతి తెలియనివాళ్లకు చెబుతాను. వేరుశనగ పీకిన చేనులో రాత్రికి గొర్రెల మందను పడుకోబెడతారు. వాటి పెంటికలు, పంచితం పడి నేలకు బలం వస్తుంది. దానికి రైతు తానే ఎదురొచ్చి గొర్రెలవాణ్ని పిలుచుకుపోతాడు, అన్నం పెడతాడు, గింజలు కొలుస్తాడు. మంద నిలిచిన చేనంటే చూడగానే తెలుస్తుంది, పైరు నల్లగా లేస్తుంది. మా జాతికి ఇంతకు మించిన గౌరవం లేదు. మా గొర్రె నిలబడిన చోటల్లా మాకు మర్యాదే అనుకుంటూ పెరిగాం.

"రేపు మిట్టమధ్యాహ్నం గేటు మూసినాక తమ్ముణ్ని మంద తోలుకొని రమ్మందాం" అన్నాను.

"ఏమే, పార్కులోకి గొర్రెలా?"

"ఎట్ల కోస్తావో నీ ఇష్టం అన్నాడా లేదా ఆయప్ప? కొడవలి అయితేనేం, గొర్రె పన్నయితేనేం?"

"ఒక మాట అడగాల కదా."

"అడిగేదేమి? చూసినాక వాళ్లే అడుగుతారులే, ఎట్ల చేసినారని."

ఆయన ఒప్పుకున్నాడు. నడుము నొప్పిగా ఉంది, పైగా మందను చూసి రెండేళ్లయింది. నేను తోశాను, ఆయన జారాడు. అంతే జరిగింది.

శుక్రవారం మబ్బు పట్టింది. పన్నెండు కాగానే తమ్ముడు మందను వెనక గేటు నుంచి లోపలికి తోలాడు. పూలమొక్కల చుట్టూ నా చీరలు మూడు, కంబళీ కట్టాం. ఒక్క రోజాను కూడా ముట్టనివ్వలేదు. అరవై తలలు ఒక్కసారి వంగితే ఆ కరకర శబ్దం వినాలి మీరు, చెరువులోకి వాన దిగినట్టుంటుంది. మా ఆయన నడుము నొప్పి యాడికి పోయిందో, "ట్ర్‌ర్‌ర్, హే" అని కేకేస్తూ ఈ చివరనుంచి ఆ చివరకు తిరిగాడు. ఆ గొంతు నేను మళ్లీ విన్నాను. తమ్ముడు నవ్వి, "బావకు వయసు తిరిగొచ్చినట్టుండాది కదక్కా" అన్నాడు. మూడు కొట్టేసరికి పచ్చిక మంగలి గొరిగినట్టు తేలింది.

నేల మీద పెంటికలు మిరియాలు చల్లినట్టు పడి ఉన్నాయి. మాకు అది చెత్త కాదు. ఊడ్చడమనే మాట మా ఇద్దరికీ తట్టను కూడా లేదు. ఎరువు పడిన నేలకు తడి పెట్టకపోతే పాపం అంటారు మాలో. పడినది నేలలోకి దిగాలని మా ఆయన పైపు పట్టి శుక్రవారం సాయంత్రం తడిపాడు, శనివారం ఇంకోసారి తడిపాడు. నేను నిలబడి, ఆ మూల తక్కువైంది, ఈ మూల తక్కువైంది అని చూపించాను.

శుక్రవారం పొద్దుగూకే వేళ సెక్రెటరీ నడవడానికి వచ్చాడు. బాట మీదనుంచే చూసి చాలా సంతోషపడ్డాడు. "ఏమప్పా, మిషన్ లేకుండానే చేసినావే" అన్నాడు. మా ఆయన చెప్పబోయాడు. నేను కళ్లతోనే వద్దన్నాను. ఆదివారం నలుగురి ముందూ చెబుదామని నా ఆశ. కాలనీ ఆడవాళ్లు నన్ను చీపురుకు, బిందెకు తప్ప పిలిచింది లేదు. ఒక్కసారైనా మా పని గొప్ప వాళ్లు వినాలనుకున్నాను.

ఆదివారం వచ్చింది. మీవాళ్లు కూడా ఆఖరి పంక్తిలో తినండని సెక్రెటరీ చెప్పి ఉన్నాడు. కొడుకు, కూతురు, పిల్లలు అందరూ వచ్చి గది వెనక కూర్చున్నారు. పచ్చిక మీద కాలనీవాళ్లు తెల్ల దుప్పట్లు పరిచారు. పదకొండుకు ఎండ కాసింది. రెండు రోజులు తడిసి ఉబ్బిన నేల ఆ ఎండకు ఆవిరి వదిలింది. ఆ వాసన నాకు దొడ్డి వాసన, పుట్టింటి వాసన. వాళ్లకు అట్లా ఎందుకుంటుంది? మొదట పిల్లల తెల్ల బట్టలకు నల్లగా అంటింది. తర్వాత దుప్పట్ల మీద మరకలు తేలాయి. పట్టుచీర కట్టుకున్న ఒకామె లేచి నిలబడి కుచ్చిళ్లు పట్టుకుని చూసుకుంది. ఇది ఏంది, ఎక్కడిది అని ఒకరినొకరు అడగడం మొదలుపెట్టారు. ఎవరో ఒకరు చెప్పారు, శుక్రవారం మేడ మీదనుంచి గొర్రెల్ని చూశామని.

సెక్రెటరీ మా ఆయన్ను పిలిచాడు. అప్పటికే సెక్రెటరీని నలుగురూ నిలదీస్తున్నారు, ఆయన ముఖం కందగడ్డలా ఉంది.

"గొర్రెల్ని తోలమని ఎవురు చెప్పినారప్పా నీకు?"

"నేనే సార్. నా బుద్ధి."

"వనభోజనాలు పెట్టుకునే చోట పెంట పోయిస్తావా?"

"పెంట కాదు సార్, ఎరువు."

ఆ మాటకు ఎవరో నవ్వారు. నవ్వింది ఒక్కరే గానీ, ఆ నవ్వుతో అక్కడ మిగిలిన మర్యాద కూడా పోయింది. పంక్తులు బాట మీదికి మార్చండి, వీడు ఏరేస్తాడు అన్నారు. మా ఆయన బకెట్టు తెచ్చుకుని గొంతుక్కూర్చున్నాడు. చీపురుకు రావు అవి, తడిసి గడ్డిలో ఇరుక్కున్నాయి. వేళ్లతో ఒక్కొక్కటి ఏరాలి. అందరూ బాట మీద నిలబడి పులిహోర తింటున్నారు, ఆయన వాళ్ల కాళ్ల దగ్గర ఏరుతున్నాడు. నా కొడుకు సిమెంటు జింక వెనక గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నా కూతురికి పట్టు సంగతి తెలుసు గనక ఆ పట్టుచీర ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని, రుద్దితే పోగు లేస్తాదమ్మా అంటూ తడిగుడ్డతో మరకను అద్దుతోంది.

నేను నీళ్ల బిందె పట్టుకుని నిలబడి ఉన్నాను. నేను చెప్పినాను సార్. మూడు మాటలు. గొంతు దాకా వచ్చాయి. నోరు తెరిస్తే ఇద్దరినీ పొమ్మంటారేమోనని భయమని తర్వాత నాకు నేను చెప్పుకున్నాను. మా ఆయన నా వైపు చూసి వద్దన్నట్టు తలూపాడని కూడా చెప్పుకున్నాను. రెండూ అబద్ధమే. ఆయన ఆ గంటసేపూ నా వైపు చూడనే లేదు. నాకు సిగ్గేసింది, అంతే. నవ్విన ఆ మనిషి నా వైపు తిరిగి నవ్వకూడదనుకున్నాను.

అందరూ పోయాక సెక్రెటరీ తీర్పు చెప్పాడు. నిన్ను తీసేయమన్నారు, వయసు చూసి నేనే ఆపాను, ఇక మీదట మీవాళ్లు ఒక్కరు లోపల కనపడకూడదు, మధ్యాహ్నం గానీ ఎప్పుడు గానీ అన్నాడు. ఎండపొద్దు మూడు గంటలు, మాకున్నది అదే. అదీ పోయింది.

సోమవారం కొడుకు ఫోన్ చేశాడు. తండ్రిని అనకూడని మాటలన్నీ అన్నాడు. గొర్రెల బుద్ధి పోలేదు నీకు, నీ వల్ల నా పిల్లలు పదిమందిలో తలొంచుకున్నారు అన్నాడు. స్పీకర్లో నాకూ వినపడుతోంది. మా ఆయన "అవునప్పా, అవునప్పా" అంటూ విన్నాడు. ఆ పూట కూడా నేను నోరు తెరవలేదు.

మళ్లీ ఆదివారం రానే వచ్చింది. సెక్రెటరీ కోపం వారానికి చల్లారి ఉంటుందనుకుని వీళ్లు ఎప్పటిలాగే వచ్చేశారు. పన్నెండయింది. ఎండలో గేటు బయట కొడుకు, కోడలు, కూతురు, ముగ్గురు పిల్లలు. గేటు లోపల మా ఆయన, చేతిలో తాళం. నేను గది వాకిట్లో.

"గేటు తీయ్ నాయనా. ఎవురూ లేరు కదా."

"తీయను."

"పిల్లోళ్లు ఎండలో నిలబడుండారు."

"నన్ను నమ్మి పని ఉంచినారు. తీయను."

చిన్న మనవరాలు కమ్మీల్లోంచి చెయ్యి పెట్టి తాత చొక్కా పట్టుకుంది. ఆయన ఆ చేతిని మెల్లగా విడిపించాడు. విడిపించి, తాళం ఒకసారి లాగి చూసుకున్నాడు, పడిందా లేదా అని. అది చూడలేకపోయాను. పోయి గేటు దగ్గర నిలబడి చెప్పేశాను. "మీ నాయన తప్పు లేదప్పా. మంద తోలమని చెప్పింది నేను. అడగాల అన్న మనిషి నోరు మూయించింది నేను."

చెబితే బరువు దిగుతుందంటారు. కొడుకు తల దించుకున్నాడు, తండ్రిని అన్న మాటలన్నీ గుర్తొచ్చాయేమో. మా ఆయన, "ఇప్పుడెందుకే అవన్నీ" అని మాత్రం అన్నాడు. కూతురు కమ్మీల దగ్గరికి వచ్చింది. మెల్లగా అడిగింది.

"అంటే, నాయన అందరి కాళ్ల కాడ కూర్చోని పెంటికలు ఏరుతాంటే, నువ్వు బిందె పట్టుకోని చూస్తా నిలబడినావామ్మా?"

అది బిడ్డను చంకనేసుకుని స్టేషన్ దోవ పట్టింది. నేను ఒక్క గ్లాసు మజ్జిగ తాగి పొమ్మన్నాను, వినపడనట్టే పోయింది.

ఆ తర్వాత పార్కులో గడ్డి చూడాలి మీరు. చలికాలం వచ్చినా నల్లగా, ఒత్తుగా లేచింది. మా గొర్రె నిలిచిన నేల మరి. కాలనీవాళ్లు దాని మీద కూర్చుని ఫొటోలు దిగారు. ఏం మందు వేయించారని అడిగితే, సెక్రెటరీ నవ్వి ఊరుకున్నాడట. ఎండాకాలానికి అంగడి నుంచి ఎరువు బస్తాలు కూడా దించారు. వాటినీ మా ఆయనే మోసి చల్లాడు.

ఆయన ఇప్పటికీ ఆ పనిలోనే ఉన్నాడు. పొద్దున సాయంత్రం గేటు తీస్తాడు, పరాయి పిల్లలను ఉయ్యాల ఊపుతాడు, మధ్యాహ్నం గేటుకు తాళం వేసి గదిలోకి వచ్చి గోడవైపు తిరిగి పడుకుంటాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఏడ్చి తేల్చుకునేదాన్ని. కొడుకు సెలవొస్తే పిల్లల్ని పెనుకొండ కొండ ఎక్కిస్తాడట, అక్కడ ఎవరూ గేటు వేయరు కదా. తండ్రికి ముఖం చూపలేక ఈ దోవ రావడం మానేశాడు. కూతురు ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తుంది. వాళ్ల నాయనకు చేస్తుంది. నేను ఎత్తితే, "నాయనకు ఇయ్యమ్మా" అంటుంది. గట్టిగా కూడా అనదు. అది ఆ రోజు అడిగిన మాటకు నేనింకా జవాబు చెప్పలేదు. అవును, నిలబడి చూశాను అనడం తప్ప నా దగ్గర ఇంకో జవాబు లేదు.

ఇంతసేపూ ఓపిగ్గా విన్నారు, మీ కడుపు చల్లగుండ. మీ ఇంట్లో ఎవరు ఎవరి తరఫున మాట్లాడాల్సిన పూట వచ్చినా, వేళకు నోరు పెగలాలి. మీ బిడ్డలు ఎవర్నీ అడగకుండా మీ నీడలో వచ్చి కూర్చోవాలి, మీ ముద్ద మీరందరూ కలిసి తినాలి. నిండుగా ఉండండి నాయనా, పిల్లాజెల్లాతో నిండుగా ఉండండి.